డాక్టర్ సలహా: ఏ హెల్మెట్ కొనాలో తర్వాత.. ముందు ఆ తలనొప్పి సంగతి తేల్చుకోండి

ప్రశ్న: నా వయసు 51. గుండెకు స్టెంట్ వేసి 10 నెలలైంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నాను. సైకిల్ తొక్కొచ్చని గుండె డాక్టరు చెప్పారు. ఆదివారాలు మిత్రులతో కలిసి రాచకొండ గుట్టల్లో మౌంటెన్ బైక్ తొక్కుతాను. 12 రోజుల కిందట దిగుడులో మొరం మీద జారి వెల్లకిలా పడ్డాను. హెల్మెట్ వెనకభాగం పగిలింది, నాకేం కాలేదు. పొద్దున పూట కొంచెం తలనొప్పి ఉంటోంది. మెడికల్ షాపులో ఇచ్చిన గోలీ వేసుకుంటే తగ్గుతోంది. ఇప్పుడు మామూలు హెల్మెట్ కొనాలా, ఫుల్ ఫేస్ కొనాలా, గడ్డం భాగం ఊడదీసుకునేది కొనాలా? పాతదాన్ని అతికించి కొన్నాళ్లు వాడొచ్చా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: హెల్మెట్ పగిలేంత దెబ్బ తగిలింది, రక్తం పలచబడే మందులు రెండు వాడుతున్నారు, 12 రోజులైనా తలనొప్పి పోలేదు. అయినా ‘నాకేం కాలేదు’ అని రాశారు. మిమ్మల్ని చూడకుండా ఏం జరిగిందో నేను చెప్పలేను. ఏమీ లేకపోవచ్చు కూడా. కానీ ఇది చదివిన రోజే తలకు సీటీ స్కాన్ తీయించుకోవాల్సిన పరిస్థితి మీది.

మెదడు పైనుంచి దాని పొర వరకు సన్నని సిరలు ఉంటాయి. తల ఒక్కసారిగా విసురుకున్నప్పుడు అవి చిరిగి, రక్తం కొద్దికొద్దిగా ఊరుతుంది. రెండు మూడు వారాల దాకా పెద్దగా బయటపడకపోవచ్చు. వయసు పైబడినవాళ్లలో, మీలాంటి మందులు వాడేవాళ్లలో ఈ ముప్పు ఎక్కువ. స్కాన్ రాయించుకునేటప్పుడు పడిన తేదీ తప్పక చెప్పండి. రెండు మూడు వారాల నాటి రక్తం సీటీలో మెదడు రంగులోనే కలిసిపోయి కనిపించొచ్చు. తేదీ తెలిస్తే చూసేవాళ్లు మరింత జాగ్రత్తగా వెతుకుతారు. వాంతులు, మగత, మాట తడబాటు, ఒక చేయి లేదా కాలు బలహీనపడటం, ఫిట్స్, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలా కారడం.. వీటిలో ఏ ఒక్కటున్నా సొంతంగా బయల్దేరకండి, 108కి ఫోన్ చేయండి.

ఇక ఆ గోలీ. పేరు రాయలేదు. సాధారణంగా అడగ్గానే ఇచ్చేవి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కలిసినవే. మీ రెండు మందులకు ఇవి తోడైతే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, కడుపులో పుండు పడొచ్చు. స్టెంట్ ఉన్నవాళ్లకు డైక్లోఫెనాక్ అసలే మంచిది కాదు. ఐబుప్రొఫెన్ అయితే ఆస్పిరిన్ పనిని కూడా చెడగొడుతుంది. అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఏమిటంటే, అది నొప్పిని అణచిపెట్టి మీకు 12 రోజులు ధీమా ఇచ్చింది. వెంటనే ఆపేయండి. అలాగని భయపడి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మీ అంతట మీరు మానేయొద్దు. స్టెంట్ మూసుకుపోతే అది ఇంకో ప్రాణాపాయం. స్కాన్ చూశాక మీ గుండె డాక్టరు, న్యూరో డాక్టరు మాట్లాడుకుని నిర్ణయిస్తారు. ఈలోగా నొప్పి ఎక్కువైతే ఇంకో గోలీ వేసుకుంటే సరిపోతుంది కదా అనుకోకండి. ఎక్కువవడమే దవాఖానకు పోవాల్సిన గుర్తు.

హెల్మెట్ విషయానికొస్తే, పగిలినదాన్ని అతికించొద్దు. లోపలి గట్టి నురగ ఒక్కసారి నలిగి దెబ్బను మింగడానికే ఉంది. నలిగిన చోట మళ్లీ ఉబ్బదు. పైపెచ్చు జిగురులోని రసాయనాలు ఆ నురగనే తినేస్తాయి.

రోడ్డు సైకిల్ హెల్మెట్ తల వెనక కిందిభాగాన్ని, కణతలను పూర్తిగా కప్పదు. మీరు పడింది వెనక్కే కాబట్టి అది వద్దు. రోజంతా ఎక్కుతూ దిగుతూ తొక్కే గుట్టదారులకు వెనక కిందిదాకా దిగే ట్రయల్ రకం చాలు. బరువు 300–400 గ్రాములు, గాలి ఆడుతుంది. గిన్నెలాంటి స్కేటింగ్ రకం తలను బాగానే కప్పుతుంది కానీ రంధ్రాలు తక్కువ. మన ఎండల్లో దాన్ని పెట్టుకుని ఎక్కుడు తొక్కలేరు. నిలువు దిగుళ్లు, బండల మీంచి దూకుళ్లు ఉంటేనే ఫుల్ ఫేస్. దవడ, పళ్లు కాపాడేది అదొక్కటే. అయితే ఎక్కేటప్పుడు ఉక్కపోతకు మనుషులు దాన్ని తీసి హ్యాండిల్‌కు తగిలిస్తారు. అప్పుడు ఉన్నా లేనట్టే. అందుకే మీరు చెప్పిన ఊడదీసుకునే రకం మీకు నప్పొచ్చు. దిగేముందు రెండువైపులా ‘టక్’మని పడిందో లేదో లాగి చూడాలి.

హెల్మెట్ లోపల ఈఎన్ 1078 (యూరప్ ప్రమాణం) అని ఉంటే అది సాధారణ సైకిల్ పరీక్ష, గడ్డం కమ్మీని పరీక్షించదు. కమ్మీ పనికొస్తుందా అనేదానికి ఏఎస్‌టీఎం ఎఫ్ 1952 (అమెరికా ప్రమాణం) చూడండి. ఐఎస్ 4151 అనే మన దేశపు ప్రమాణం మోటార్‌సైకిల్ హెల్మెట్లది. ఆ బరువుతో, ఆ ఉక్కతో సైకిల్ తొక్కడం నేను ఒప్పుకోను. మిప్స్ అనే, లోపల కాస్త జారే పలచని పొర ఉంటే మంచిదే. ఏటవాలుగా పడినప్పుడు హెల్మెట్ తలమీద 10–15 మిల్లీమీటర్లు జారి మెలి దెబ్బను తగ్గిస్తుంది.

కనుబొమల పైన 2 సెంటీమీటర్ల దగ్గర టేపు చుట్టి కొలత తీసుకోండి. ముందు అంచు కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి. పట్టీ పెట్టకుండా వంగి తల ఊపినా జారకూడదు. పట్టీ కింద ఒక వేలు పట్టాలి. ఫుల్ ఫేస్ అయితే బుగ్గలు గట్టిగా తగలాలి, కమ్మీని లోపలికి నొక్కితే ముక్కుకు తాకకూడదు. హెల్మెట్ కింద తలకు చేతిరుమాలు ముడేసి కట్టుకోవద్దు. పడితే ముడి తలలోకే దిగుతుంది.

మీ మిత్రులకూ ఒక మాట చెప్పండి. ఫుల్ ఫేస్ పెట్టుకున్నవాళ్లు పడి స్పృహ తప్పితే ఎవరూ దాన్ని లాగొద్దు. ఊపిరి ఆడకపోతేనే తీయాలి. అదీ ఒకరు మెడను కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు తీయాలి.

స్కాన్‌కు మీరు బండి నడుపుకుంటూ వెళ్లొద్దు, ఎవరినైనా వెంట తీసుకెళ్లండి. స్టెంట్ డిశ్చార్జి కాగితం, వాడుతున్న మందుల పట్టీలు, మెడికల్ షాపు గోలీ ఖాళీ పట్టీ, ఆ పగిలిన హెల్మెట్ కూడా తీసుకెళ్లండి. దెబ్బ ఎక్కడ తగిలిందో అది చూపిస్తుంది. చూపించాక దాని పట్టీలు కత్తిరించి పారేయండి. లేకపోతే ఇంట్లో పిల్లలెవరో పెట్టుకుని బయల్దేరతారు.