తాతల నాటి వలస కథల మీద కవిత్వం రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ తాతగారి కుటుంబం రంగూన్ నుంచి వచ్చిందని, ఆ కథల మీద కవిత రాయబోతే ప్రతిదీ ‘పుట్టిన నేల, కన్నీళ్లు’ దగ్గరే ఆగిపోతోందని అడిగారు. మా అమ్మమ్మ వాళ్లూ రంగం (రంగూన్‌కి మన పెద్దవాళ్ల పేరు) వెళ్లొచ్చినవాళ్లే. నాకు పనికొచ్చినవి చెప్తాను.

ముందు ఏ సంవత్సరంలో వచ్చారో తేల్చుకోండి. బర్మా నుంచి వచ్చినవాళ్లందరిదీ ఒకటే కథ అనుకుంటాం గానీ కాదు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక, ఓడ దొరకనివాళ్లు అడవులు, కొండలు దాటుకుంటూ నడిచారు. కొందరు సరిహద్దులోని తము అనే ఊరి మీదుగా మణిపూర్ చేరారు, కొందరు బర్మా పడమటి తీరమైన అరకాన్ వైపు నుంచి చిట్టగాంగ్ (ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది) చేరారు. 1962లో జనరల్ నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చి దుకాణాలు జాతీయం చేశాక వచ్చినవాళ్ల సంగతి వేరు. 1964లో 50, 100 క్యాట్ల నోట్లు రద్దు చేశారు. నగలు, డబ్బు వెంట తెచ్చుకోవడానికి ఆంక్షలు. మొదటివాళ్ల కవితలో పుండ్లు పడిన కాళ్లుంటాయి, రెండోవాళ్ల కవితలో కస్టమ్స్ బల్ల ఉంటుంది.

ఇక అడిగే పద్ధతి. “అప్పుడు మీకెలా అనిపించింది?” అంటే పెద్దవాళ్లు “ఏముందిలే, అందరి కష్టమే మాదీ” అని తేల్చేస్తారు. వస్తువుల గురించి అడగండి. ఏం సర్దారు, ఎవరు మోశారు, ఎక్కడ వదిలారు? మా అమ్మమ్మ బాంబుల సంగతి రెండు ముక్కల్లో ముగించేది గానీ, కుట్టుమిషను మాటెత్తితే ఆపేది కాదు. తాతయ్య టైలరు. మిషను తల విప్పి, చీరలో మూటకట్టి భుజానికెత్తుకున్నాడట. ఒక కొండ ఎక్కే ముందు కిందికి దించి, మళ్లీ ఎత్తలేదు. కత్తెర మాత్రం అమ్మమ్మ బొడ్లో దోపుకుని తెచ్చింది. దీన్ని మంచి తెలుగులో రాసినప్పుడల్లా చప్పబడిపోయింది. చివరికి ఆవిడ యాసలోనే ఉంచేశాను:

మిసను అడివిలోనే ఒగ్గీసినాం
కత్తెర తెచ్చినాం
ఊరొచ్చినాక
కత్తిరించడానికి గుడ్డ నేదు

(చివరి రెండు పాదాలే నావి.)

ఒకే సంగతి ఇంట్లో ఇద్దరు రెండు రకాలుగా చెప్తే ఏది నిజమని తగవు పెట్టుకోకండి. మా మామయ్య చిట్టగాంగ్ దాకా నడిచారనేవాడు, అమ్మ మణిపూర్ దారి అనేది. రెండు దారులూ కవితలో పెట్టేశాను. నాకు అదే ఇష్టం.

ఇంకో సున్నితమైన సంగతి. రంగం వెళ్లిన మగవాళ్లలో కొందరికి అక్కడ ఇంకో సంసారం ఉండేది. మన ఇళ్లల్లో ఇది గొంతు తగ్గించి చెప్పుకునే విషయం. రాయొద్దని అనను, కానీ నలుగురిలో చదివే ముందు ఇంట్లో పెద్దవాళ్లకి చూపించండి. మా పిన్ని ఒక పేరు కొట్టేయమంది, కొట్టేశాను. కవితకేం నష్టం రాలేదు.

ఛందస్సు గురించి కూడా అడిగారు కదా. పద్యం మీద పట్టుంటే సరే, లేకపోతే వచన కవితే హాయి. చెప్పేవాళ్లు ఊపిరి ఎక్కడ తీసుకున్నారో అక్కడ పాదం విరవండి. అది రాసుకున్న నోట్సులో కనబడదు, రికార్డింగులో వినబడుతుంది. మీ తాతగారికి 80 దాటాయన్నారు కాబట్టి ఫోన్‌లో రికార్డు చేయడం ఈ వారమే మొదలుపెట్టండి, కవిత తర్వాతైనా రాసుకోవచ్చు.