డిక్కీ పట్ట ఎత్తి చూడు, అల్లుడూ

కర్నూలు

చిరంజీవి అల్లుడికి,

మామ ఆశీస్సులు. కొత్త బండి డిక్కీలో ఏం మ్యాట్ వేయాల, రెడీమేడ్‌ది కొనాలా, కుట్టించుకోవాలా అని అడిగితివి. వారానికి రెండు రోజులు తోటకు పోయి చీనీ కాయలు, టమాటాలు వేసుకొస్తానంటివి. కుక్క కూడా వెంట వస్తుందంటివి. మ్యాట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ డిక్కీ అడుగున ఏముందో ఎత్తి చూడు.

పైన కనపడేది ఫెల్టు గుడ్డ. దాని కింద చెక్కపొట్టు ఒత్తి చేసిన అట్టలాంటి పలక. అదీ ఎత్తితే స్టెప్నీ గుంత. దాని అడుగు ఇనుప రేకే. పైన ఏది ఒలికినా చివరికి చేరేది అక్కడికే. ఫెల్టు పీల్చుకుంటుంది, పలక ఉబ్బుతుంది, మిగిలింది గుంతలోకి దిగుతుంది. డిక్కీ మూసినాక ఆ తడి ఆరడానికి దారి లేదు. పైన మ్యాట్ మెరుస్తానే ఉంటుంది, కింద తుప్పు పడతా ఉంటుంది. అందుకే నువ్వు వేసే పట్టకు రెండు గుణాలుండాల. చుక్క కిందికి దిగకూడదు. ఒక్క నిమిషంలో ఊడి బయటికి రావాల. రెండోది లేకుంటే మొదటిది ఉన్నా దండగే. ఊడదీయడం కష్టమైతే నువ్వు ఊడదీయవు, కింద ఏం జరుగుతుందో నీకు తెలీదు.

రెడీమేడ్ మ్యాట్లలో అంచులు పైకి లేచి పళ్లెం మాదిరి ఉండేదే కొను. అంచు కనీసం ఒకటిన్నర అంగుళమన్నా లేకపోతే దుడ్లు దండగ. చదునుగా ఉండే రబ్బరు మ్యాట్ మన్ను పట్టుకుంటుందే గానీ టమాటా రసాన్ని ఆపదు. కొనేముందు ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూడు. ఘాటుగా వాసన కొట్టే చవక మ్యాట్ మే నెల ఎండకు ఇంకా ఘాటెక్కుతుంది. నీది హ్యాచ్‌బ్యాక్, అంటే డిక్కీ వేరు గది కాకుండా సీట్ల వెనకే కలిసి ఉండే బండి. అందులో డిక్కీ గాలి, మనుషులు పీల్చే గాలి వేరు కాదు. ఇంకో చిక్కుంది. పళ్లెం మ్యాట్ నేల వరకే. కుక్క పక్క గోడలకు ఒళ్లు రాస్తుంది, సీటు వీపు గోకుతుంది, ఎక్కేటప్పుడు బంపరు మీద గోళ్లు దించుతుంది. ఈ మూడింటికీ పళ్లెం పనికిరాదు. నీ వాడకానికి అడుగున పళ్లెం మ్యాట్, దాని మీద కుట్టించిన పట్ట, రెండూ ఉంటే మేలు. ఒకటే అయ్యేటట్టుంటే పట్టే కుట్టించుకో.

పట్టకు ఏ గుడ్డ అంటావా, కల్లాల్లో పరిచే నీలం రంగు పట్ట మాత్రం వద్దు. కుక్క గోరు ఒక్కసారి దిగితే చీలుతుంది, ఎండకు పొట్టు రాలుతుంది. లారీల మీద కప్పే పీవీసీ పూత గుడ్డ అడుగు. చదరపు మీటరుకు 500 నుంచి 650 గ్రాములు తూగేది గోళ్లకూ తట్టుకుంటుంది, మడతా పడుతుంది. మీ అనంతపురం దిక్కు ఫారం పాండ్లలో, అంటే పొలాల్లో తవ్వే నీటి కుంటల్లో, పరిచే నల్ల షీటు ముక్క ఎవరి దగ్గరన్నా మిగిలి ఉంటే అదీ పనికొస్తుంది. 500 మైక్రాన్లది అంటే అర మిల్లీమీటరు మందం. నీళ్లను బాగా ఆపుతుంది, ఎండకూ ఓర్చుకుంటుంది. కానీ బిర్రుగా ఉంటుంది, మూలల దగ్గర సరిగ్గా మడత పడదు, జారుడు కూడా. నేలకు మాత్రమే వేసుకుంటే అదే చాలు.

కొలత తీసుకోవడం తొందరపాటు పని కాదు. పాత న్యూస్‌పేపర్లు అతికించి డిక్కీలో పరిచి, మూలలు నొక్కి, గీతలు గీయి. లెక్క ఇట్లా వేసుకో: నేల వెడల్పు 100 సెంటీమీటర్లు అనుకో. పక్క గోడలు రెండు వైపులా 40 చొప్పున పైకి రావాల. మొత్తం 180. పొడవుకు నేల 70, సీటు వీపు మీదికి 50, బయట బంపరు మీద వేలాడేదానికి 60. అదీ 180. అంటే ఇంచుమించు ఆరడుగులకు ఆరడుగులు. నీ బండి కొలతలు వేరుంటాయి, లెక్క మాత్రం ఇదే. వెనక సీటు మడిచి సామాను వేసే అలవాటుంటే ముందు సీటు వీపు దాకా కొలువు. మడిచిన సీటుకూ డిక్కీ నేలకూ మధ్య సందు ఉంటుంది. బుడ్డల పొట్టు, కుక్క వెంట్రుకలు, కసువు అంతా చేరేది ఆ సందులోనే. పట్ట ఆ సందు మీద కొంచెం వదులుగా ఉండాల. బిగదీసి కుట్టిస్తే సీటు మడిచిన మొదటి రోజే చినుగుతుంది.

ఇక మూలలు. సీటు వైపు ఉండే రెండు మూలలూ కత్తిరించనీయొద్దు. దర్జీ కత్తిరించి కుడతానంటాడు, చూసేదానికి అందంగానే ఉంటుంది. కానీ సూది పడిన ప్రతి చోటా ఒక బెజ్జం. కుట్టు నేల మీదికి వస్తే నీళ్లు దిగే దారి నువ్వే వేసినట్టు. మిగిలిన గుడ్డను అప్పడం మాదిరి పక్కకు మడిచి, పైన నాలుగు అంగుళాలు దాటినాక కుట్టు వేయమను. సీటు కవర్లు కుట్టే షాపులో ఇది చెప్తే అర్థమవుతుంది. పై అంచుకు ఇత్తడి రింగులు కొట్టించు. సీటు తలదిండు ఊచలకు తాడుతో కట్టేది రెండు రింగులు, పక్క కొక్కేలకు రెండు.

పక్క గోడలకు పట్ట నిలవాలంటే వెల్‌క్రో కావాల. గరుకు పట్టీ, మెత్త పట్టీ రెండూ కొనేస్తారు, ఒకటి బండికి అతికిస్తారు. మన ఎండకు డిక్కీ లోపల జిగురు కరిగి నెలకే జారుతుంది, ఫెల్టు మీద మరక మిగులుతుంది. దానికంటే మేలైన ఉపాయం ఒకటుంది. డిక్కీ పక్కల ఫెల్టు ఉంటే గరుకు పట్టీ దానికి నేరుగా అంటుకుంటుంది. మెత్త పట్టీ అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు. గరుకు పట్టీ ఒక్కటే నాలుగు అంగుళాల ముక్కలు చేసి పట్టకు కుట్టించు, అతికించొద్దు. గోడకు ఆనించి అరచేత్తో నొక్కితే పట్టుకుంటుంది, లాగితే చర్రుమని ఊడుతుంది. పక్కలు వట్టి ప్లాస్టిక్ అయితే ఇది పని చేయదు, రింగులే గతి.

కప్పకూడనివి మూడున్నాయి. డిక్కీ లైటు ఒకటి, బల్బు వేడికి పట్ట కరుగుతుంది. జాకీ, పానా ఉండే మూత రెండోది. పంచరైనప్పుడు హైవే పక్కన నిలబడి పట్టంతా పీకే పని పెట్టుకోవద్దు. మూడోది చాలామందికి తెలీదు: చాలా బండ్లలో డిక్కీ పక్క అట్టల వెనక గాలి బయటికి పోయే రెక్కలుంటాయి. పక్కన ఏవన్నా సన్న చీలికలు కనిపిస్తే వాటిని కప్పొద్దు. అవి మూసుకుపోతే తలుపు వేసేటప్పుడు గట్టిగా పడదు, వానకాలం అద్దాలకు ఆవిరి పడుతుంది. సీఎన్‌జీ బండి అయితే సిలిండరు వాల్వు దగ్గర కూడా పట్ట రానీయొద్దు.

కుక్క విషయం కొస్తే, నీది హ్యాచ్‌బ్యాక్ కాబట్టి సరిపోయింది. వెనక అద్దం కింద ఉండే పార్సిల్ ట్రే తీసేసి ఇంట్లో పెట్టు. డిక్కీ వేరుగా మూసుకుపోయే బండిలో మాత్రం కుక్కను ఎక్కించడమే తప్పు, గాలి ఆడదు. హ్యాచ్‌బ్యాక్‌లో కూడా ఏసీ గాలి వెనకదాకా బాగా రాదు. నువ్వు ముందు చల్లగా కూర్చొని ఉంటావు, అది వెనక నాలుక వేలాడేసి రొప్పుతా ఉంటుంది. ఆపిన బండిలో ఐదు నిమిషాలు కూడా వదలొద్దు. కుక్కకు చెమట పట్టి ఒళ్లు చల్లబడే దారి లేదు, రొప్పడమే దిక్కు. ఎండలో నిలిపిన బండి లోపల అరగంటలో 15, 20 డిగ్రీలు పెరుగుతుంది. ఎక్కించేముందు పట్ట మీద అరచెయ్యి ఐదు లెక్కపెట్టేదాకా ఆనించు. నీ చెయ్యి ఓర్చుకోలేనిది దాని పాదమూ ఓర్చుకోలేదు.

వట్టి పట్ట మీద కుక్క నిలబడలేదు. మలుపు తిరిగినప్పుడల్లా జారుతుంది. జారితే భయపడుతుంది. భయపడితే గోళ్లు దించుతుంది, కక్కుతుంది, కొన్నిసార్లు ఉచ్చ పోస్తుంది. సగం గలీజు ఈ జారుడుతోనే మొదలవుతుంది. అందుకని పట్ట మీద పాత జంపఖానా గానీ, అడుగున రబ్బరు ఉన్న స్నానాల గది మ్యాట్ గానీ వేయి. డ్యాష్‌బోర్డు మెరిసేదానికి పూసే పాలిష్ పట్టకు పూయొద్దు. మెరుస్తుంది, కానీ కుక్కా జారుతుంది, క్రేటూ జారుతుంది. బయలుదేరే మూడు నాలుగు గంటల ముందు నుంచి తిండి పెట్టకు, నీళ్లు మాత్రం ఆపొద్దు. కట్టేటప్పుడు మెడ పట్టీకి కట్టకు, ఛాతీకి తొడిగే పట్టీకి కట్టు. తాడు పొడవు సీటు దూకలేనంత ఉంటే చాలు. డిక్కీ తలుపు లేపగానే రోడ్డు మీదికి దూకే కుక్కలు చాలా ఉంటాయి. గోళ్లు కత్తిరించే అలవాటు పెట్టుకుంటే బంపరు రంగు కూడా మిగులుతుంది.

ఫెల్టులో వెంట్రుకలు ఇరుక్కుంటే వ్యాక్యూమ్ ఒక్కటే లాగలేదు. పొట్టి వెంట్రుక సూదిలాగా దిగి ఉంటుంది. వంటింటి రబ్బరు గ్లవుసు కొంచెం తడిపి ఒకే దిక్కుకు లాగు, ఉండలు కట్టి వస్తాయి. తర్వాత వ్యాక్యూమ్.

ఉచ్చ పడితే రుద్దకు, రుద్దితే లోపలికి దిగుతుంది. పొడి గుడ్డ పెట్టి ఒత్తు. చల్లటి నీళ్లు కొంచెం చల్లి మళ్లీ ఒత్తు. వెనిగర్ ఒక గ్లాసు, నీళ్లు ఒక గ్లాసు కలిపి తడిపి పది నిమిషాలు వదిలి ఒత్తేసెయ్. మూల ఎక్కడన్నా ముందు చిన్నగా పూసి రంగు పోవడం లేదని చూసుకో. ఆరినాక వంట సోడా చల్లి రాత్రంతా వదిలి పొద్దున వ్యాక్యూమ్‌తో పీల్పించు. ఫినాయిల్ జోలికి పోకు, కుక్క నాకితే చేటు. అమ్మోనియా ఉండే లోషన్లు అసలే వద్దు, ఆ వాసన కుక్కకు ఉచ్చ వాసన మాదిరే ఉంటుంది, మళ్లీ అక్కడే పోస్తుంది.

సరుకుల్లో నాకు ఎక్కువ అనుమానం ఎరువు మీదే. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ 50 కిలోలు. బరువు సమస్య కాదు. ఆ బస్తా కుట్టులోంచి సన్నంగా రాలే గింజలు గాలిలో తేమ పీల్చుకొని ఇనుమును తింటాయి. ప్రతి బస్తాకూ అడుగున ఇంకో కవరు తొడిగించు, ఆ రోజే దించు, పొడి పరకతో ఊడ్చి తర్వాతే తడిగుడ్డ పెట్టు. సిమెంటుకూ అంతే. ముందు నీళ్లు తగిలిస్తే గట్టిపడుతుంది. పురుగుమందు సీసాలు మాత్రం ఈ బండిలో వేయొద్దు, ఎంత బాగా మూత పెట్టినా సరే. ఇందాక చెప్పినా కదా, గాలి ఒకటే.

టమాటా క్రేటు అడుగు సందుల నుంచి రసం కారుతుంది. క్రేటు కింద గోనెపట్ట మడిచి పెట్టు, అది పీల్చుకుంటుంది. ఇంటికి రాగానే గోనెపట్ట తీసి ఎండేయి, లేకపోతే మరుసటి రోజుకు పులుస్తుంది. పాలు, మజ్జిగ, మాంసం నెత్తురు ఒలికితే చల్లనీళ్లే. వేడినీళ్లు పోస్తే ఉడికినట్టు అతుక్కుపోతుంది. ఊరగాయ నూనె పడితే శనగపిండి దట్టంగా చల్లి అరగంట ఆగి ఎత్తు, తర్వాత గిన్నెలు తోమే సబ్బు. పసుపు పడినప్పుడు సబ్బు పెడితే ఎర్రగా మారుతుంది, భయపడకు. కడిగి ఎండలో పెడితే నిదానంగా వెలిసిపోతుంది. నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు తుడిచేదానికి ప్రయత్నించకు, పూసినట్టవుతుంది. ఆరనిస్తే పెళ్లలుగా ఊడుతుంది.

బేతంచెర్ల దిక్కు పోయి నాపరాళ్లు డిక్కీలో వేసుకొద్దామనుకుంటే ముందు లెక్క చూడు. రెండడుగులకు రెండడుగులు, అంగుళం మందం రాయి ఒక్కటే సుమారు 25 కిలోలు. నాలుగు వేస్తే క్వింటాలు. కింద ప్లైవుడ్ ముక్క వేసి, సీటు వీపుకు ఆనించి చదునుగా పెట్టు. మూల ఆనితే ఏ పట్టా ఆగదు. బరువు బంపరు వైపుకు పోతే ముందు భాగం తేలి, లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడతాయి.

నెలకొకసారి పట్ట తీసి ఫెల్టు, పలక ఎత్తి గుంతలో చెయ్యి పెట్టి తడి చూడు. అడుగున చాలా బండ్లకు రబ్బరు బిరడా ఉంటుంది. నీళ్లు నిలిస్తే అది తీసి వదిలి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరినాకే మళ్లీ పెట్టు. పట్టను సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరేయి. డీజిల్, పెట్రోల్ వేసి తుడవద్దు, పూత పాడవుతుంది, వాసన పోదు.

పేపరు గీతలు గీసినాక కుట్టేవాడి దగ్గరికి పోయేముందు నాకు ఫొటో పంపు. మూలల మడత ఎటు వేయాలో గీసి చూపిస్తా.

ఇట్లు,
నీ మేనమామ