డ్రాక్యులాకి నాలుగు వాద్యాలు చాలు

ప్రశ్న: 1931 నాటి ‘డ్రాక్యులా’ డీవీడీలో అమెరికా సంగీతకర్త ఫిలిప్ గ్లాస్ స్ట్రింగ్ క్వార్టెట్ (నాలుగు తీగ వాద్యాల) సంగీతంతో ఒక ఆడియో ట్రాక్, అది లేకుండా పాతది ఒకటి ఉన్నాయి. ఏది పెట్టుకుని చూడాలి? అసలు పాత హారర్ సినిమాలకు ఆ సంగీతం నప్పుతుందా?

నప్పుతుంది. గ్లాస్ సంగీతంతోనే చూడండి.

పాత సినిమాని ఉన్నది ఉన్నట్టు వదిలేయాలని, ఆ నిశ్శబ్దమే దాని అందమని చాలామంది సినిమా ప్రియులు వాదిస్తారు. వాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే. అప్పటికి మాటల సినిమా వచ్చి నాలుగేళ్లు కూడా కాలేదు. వాయించేవాళ్లు తెర మీద కనబడకుండా సంగీతం వినిపిస్తే జనం అయోమయపడతారని స్టూడియోల వాళ్లు అనుకునే రోజులు. అందుకే టైటిల్స్ మీద చైకోవ్‌స్కీ ‘స్వాన్ లేక్’ ముక్క ఒకటి, తర్వాత సంగీత సభ సీన్‌లో ఆర్కెస్ట్రా వాయించేది కొంచెం. అంతకుమించి సంగీతం దాదాపు లేదు. రెండేళ్లకే మాక్స్ స్టైనర్ ‘కింగ్ కాంగ్’ నిండా సంగీతం పెట్టాడు, ఎవరూ అయోమయపడలేదు. నన్నడిగితే డ్రాక్యులాలో నిశ్శబ్దం కళ కాదు, అప్పటి భయం. 1998లో యూనివర్సల్ వాళ్లు అడిగితే గ్లాస్ ఆ ఖాళీ నింపాడు. వాయించింది క్రోనోస్ క్వార్టెట్ అనే అమెరికా బృందం. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో.

నేను కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నదాన్ని. ఒక వానాకాలం రాత్రి విశాఖలో మా ఇంట్లో తమ్ముడూ నేనూ ఈ సినిమా పెట్టుకున్నాం. వాడు ముందు పాత ట్రాకే పెట్టాడు. డ్రాక్యులా కోటలో ఆర్మడిల్లోలు (అమెరికా ఖండాల్లో ఉండే పెంకు జంతువులు) పాకుతుంటే ఒకటే నవ్వు. “అక్కా, ట్రాన్సిల్వేనియాలో ఇవెక్కడివే?” అన్నాడు. ఇంటి కాగితాల పని మీద రెన్‌ఫీల్డ్ అనేవాడు కోటలోకి వస్తాడు, డ్రాక్యులా వేషంలో బేలా లుగోసి కొవ్వొత్తి పట్టుకుని మెట్లు దిగుతాడు, తన పేరు చెబుతాడు. వాడు లుగోసి యాసని అనుకరిస్తూ కూర్చున్నాడు. బయట వాన చప్పుడు తప్ప ఇంట్లో ఏ చప్పుడూ లేదు, అయినా మా ఇద్దరికీ పిసరంత భయం వేయలేదు.

నేను రిమోట్ లాక్కుని ట్రాక్ మార్చి అక్కడికే వెనక్కి వెళ్లాను. ఈసారి మెట్ల మీద సాలెగూడు చూడండి. డ్రాక్యులా దాన్ని చెదరగొట్టకుండానే అవతలికి వెళ్లిపోతాడు, వెనక వస్తున్న రెన్‌ఫీల్డ్ మాత్రం కర్రతో చీల్చుకుని పోవాలి. మొదటిసారి ఆ తేడా మా కళ్లకి ఆనలేదు. తీగల మీద కమానులు ఆగకుండా తిరుగుతుంటే కన్ను దానంతటదే తెరని వెతకడం మొదలుపెట్టింది. తోడేళ్లు అరుస్తాయి, వినమంటాడు డ్రాక్యులా, ఎంత చక్కని సంగీతమో అంటాడు. తమ్ముడు యాస మానేశాడు. కాసేపటికి కాళ్లు సోఫా మీదకి ముడుచుకుని, “లైట్ వెయ్యక్కా” అన్నాడు.

ఇందులో ఉలిక్కిపడేలా చేసే మోత ఒక్కటీ లేదు. ఈమధ్య మన దయ్యాల సినిమాలు చూడండి. తలుపు తెరిస్తే ధడేల్, పిల్లి దూకితే ధడేల్, అద్దంలో అత్తగారు కనిపించినా ధడేల్. చెవి పక్కన టపాకాయ పేలిస్తే ఎవరైనా ఎగిరిపడతారు, దాన్ని భయం అనరు. సీరియళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

తీగల సంగీతం అనగానే అందరూ హిచ్‌కాక్ సినిమా ‘సైకో’ ఉదాహరణ తెస్తారు. అది గొప్పదే. స్నానాల గది సీన్‌కి అసలు సంగీతమే వద్దన్న హిచ్‌కాక్, బెర్నార్డ్ హెర్మన్ చేసింది విన్నాక మనసు మార్చుకున్నాడు. కానీ అది క్వార్టెట్ కాదు, పెద్ద తీగల ఆర్కెస్ట్రా. గుంపు వాయిస్తే దాడి జరిగినట్టు ఉంటుంది. నలుగురే వాయిస్తే ఒక్కొక్క కమాను తీగకి రాసుకోవడం విడిగా వినిపిస్తుంది, ఎవరో మన గదిలోనే ఉన్నట్టు ఉంటుంది. పాత హారర్ సినిమా అంటే కోట, హాలు, పడకగది. గదుల సినిమాకి గదిలో వాయించుకునే సంగీతమే కావాలి. పంతొమ్మిదో శతాబ్దపు వాతావరణం కోసమే గ్లాస్ క్వార్టెట్‌ని ఎంచుకున్నాడు కూడా.

గ్లాస్‌ది ఒకటే తిప్పి తిప్పి వాయించడం అని విసుక్కునేవాళ్లున్నారు. మనవాళ్లే అలా అంటే నాకు బాధేస్తుంది. 1960లలో పారిస్‌లో సితార్ విద్వాంసుడు రవిశంకర్ దగ్గర పనిచేసి, ఆయన సంగీతాన్ని పాశ్చాత్య వాద్యకారుల కోసం స్వరాల్లో రాసిపెట్టినవాడు గ్లాస్. తాళం ఆవర్తనాలుగా ఎలా తిరుగుతుందో రవిశంకర్, తబలా విద్వాంసుడు అల్లా రఖాల దగ్గరే అర్థం చేసుకున్నాడు. జంట వరుసలు సాధన చేసిన చెవికి ఈ సంగీతం పరాయిది కానేకాదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం వేరే ఉంది. సంగీత సభ సీన్‌లో, హాల్లో బాక్స్‌లో కూర్చున్నవాళ్లతో డ్రాక్యులా అంటాడు, నిజంగా చచ్చిపోగలగడం ఎంత వైభవమో అని. చావు కంటే ఘోరమైనవి ఉన్నాయంటాడు. పాత ట్రాక్‌లో అది విలన్ డైలాగ్‌లాగే వెళ్లిపోయింది. గ్లాస్ సంగీతంలో మునిగి అక్కడిదాకా వచ్చేసరికి నాకు అతని మీద జాలి కలిగింది. వందల ఏళ్లుగా నిద్రపట్టని మనిషి అతను. ఆ దుఃఖాన్ని వయోలా, చెల్లో మోసినట్టు ఇత్తడి బూరాలు మోయలేవు.

ఒక లోపం మాత్రం ఉంది. సంగీతం కొన్నిచోట్ల మాటల్ని మింగేస్తుంది. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. క్వార్టెట్ అంటే మృదువుగానే ఉంటుందనుకునేవాళ్లు అమెరికా స్వరకర్త జార్జ్ క్రంబ్ క్వార్టెట్ కోసం 1970లో పూర్తి చేసిన ‘బ్లాక్ ఏంజెల్స్’ వినండి, హెడ్‌ఫోన్స్‌తో మాత్రం వద్దు. అందులో ఒక ముక్కని ‘ది ఎగ్జార్సిస్ట్’లో వాడారు. ఆ రచన రేడియోలో విన్నాకే డేవిడ్ హారింగ్టన్ 1973లో క్రోనోస్‌ని మొదలుపెట్టాడు.

విదేశాల్లో క్రోనోస్ వాళ్లూ గ్లాసూ తెర దగ్గర కూర్చుని సినిమా నడుస్తుండగానే ఈ సంగీతం వాయించారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన విజయనగరం మనకుంది, వాయించేవాళ్లకి కొదవ లేదు. ఒక పాత మూకీ హారర్ సినిమా తెర మీద వేసి, పక్కన నలుగురు కూర్చుని వాయించే సభ మన ఊళ్లలో ఎందుకు పెట్టరు? ఎవరైనా పూనుకుంటే చెప్పండి, రెండో వయొలిన్ నేను వాయిస్తాను.