నానమ్మను సాక్షిగా నిలబెట్టకండి

ప్రశ్న: మాది జనగామ ప్రాంతం. 1948లో రజాకార్లు నానమ్మ పుట్టినూరి మీద పడి వాళ్ళ నాన్నను చంపారు. అప్పుడామెకు ఎనిమిదేళ్ళు. మా చెల్లెలు పెళ్ళాడతానంటున్న అబ్బాయి ముత్తాత ఆ ఊరి పోలీసు పటేలు. రజాకార్లకు ఇల్లు చూపించింది ఆయనేనని పెదనాన్న పట్టు. నిజం తేల్చాలని నానమ్మను అడుగుతూ ఫోన్‌లో రికార్డు చేశాను. రెండు రోజులుగా ఆమె అన్నం సరిగా తినడం లేదు.

జవాబు: ఇక ఆ రోజు గురించి అడగకండి. ఆమెకు షుగర్, బీపీ మాత్రలుంటే ఇవాళే డాక్టరుకు చూపించండి. తిండి తగ్గినా మాత్రలు అలాగే వేసుకుంటే ఈ వయసులో షుగర్ పడిపోయి మాట తడబడవచ్చు, కళ్ళు తిరిగి పడిపోవచ్చు. జావ, మజ్జిగ కొంచెం కొంచెంగా ఇవ్వండి. రాత్రి పక్కన ఎవరైనా పడుకోండి. నాలుగైదు రోజులైనా నిద్ర రాకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చుండదు.

తనంతట తాను చెప్పబోతే వినండి. పొద్దున పూట, అరగంట చాలు. నాన్న తనను ఏమని పిలిచేవాడు, ఏ పొలం దున్నేవాడు అని అడగవచ్చు. "తర్వాతేమైంది" అని లాగొద్దు. మాటలయ్యాక వెంటనే లేచి వెళ్ళకండి. ఆ జ్ఞాపకంలోనే ఆమెను ఒంటరిగా వదిలేసినట్టవుతుంది.

ఇక నింద సంగతి. ఎవరు జాడ చెప్పారో ఎనిమిదేళ్ళ పిల్ల చూసి ఉండే అవకాశం చాలా తక్కువ. పెద్దల గుసగుసలే ఆమె చెవిన పడి ఉంటాయి. ఉదాహరణకు 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి అనే ఊళ్ళో రజాకార్లు 80 మందికి పైగా చంపారు. బురుజెక్కి ఎదిరించిన ఊరని ఊరినే శిక్షించారు. అలా వచ్చినవాళ్ళకు ఒక్కొక్క ఇల్లూ చూపేవాడు అక్కర్లేదు. పైగా పోలీసు పటేలంటే సర్కారు మనిషి వస్తే ఎదురెళ్ళి జవాబు చెప్పాల్సిన కొలువు. ఇష్టంగా చెప్పాడా, తుపాకీకి భయపడి చెప్పాడా, అసలు చెప్పాడా అన్నవి మూడు వేర్వేరు మాటలు. జాడ చెప్పాడన్న అనుమానంతో కమ్యూనిస్టు సాయుధ దళాలు చంపినవాళ్ళూ ఉన్నారు. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయిన తర్వాత ఏ పాపమూ ఎరుగని ముస్లిం కుటుంబాలూ పగకు బలయ్యాయి.

కాగితాలు చూడాలనుకుంటే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో (పాత సర్కారు కాగితాలు దాచేచోట) అడగండి. చాలావరకు ఉర్దూలో ఉంటాయి, చదివిపెట్టే మనిషి కావాలి. తేదీలు ఫసలీలో, అంటే అక్టోబరులో మొదలయ్యే నిజాం కాలపు సర్కారు సంవత్సరంలో ఉంటాయి. మన సంవత్సరం రావాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు 590, జనవరి నుంచి 591 కలపాలి. 1948 ఆగస్టు అంటే 1357 ఫసలీ. ఊరి మీద దాడి జరిగిందని దొరకవచ్చు గానీ జాడ చెప్పినవాడి పేరు దొరకడం అరుదు. తహసీల్దారు ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన రికార్డు) కూడా చూడండి. రెండు కుటుంబాల మధ్య భూమి తగాదా ఉంటే, ఈ మాట ఎప్పుడు, ఎందుకు పుట్టిందో కొంత తెలుస్తుంది.

పెళ్ళి మాట పెదనాన్నతో మీరే మాట్లాడండి. తీర్పు నానమ్మను అడగొద్దు. అబ్బాయి తరఫు పెద్దలు వస్తే, ముత్తాత తప్పు లేదని వాదించకుండా ముందు ఆమె పక్కన కూర్చుని "మీ నాయిన పేరేందమ్మా" అని అడగమనండి.