మీటరు ఒకటే, కాపురాలు మూడు

ప్ర: మాది నెల్లూరు వేదాయపాలెం. కింద మేముంటాం, మేడ మీద రెండు పోర్షన్లు బాడుగకిచ్చాం. అందరికీ కలిపి కరెంటు మీటరు ఒకటే, బిల్లు రాగానే మూడు భాగాలు చేసి తీసుకుంటా. మొన్న ఎండల్లో ఒకళ్ళు ఏసీ పెట్టారు, అప్పట్నించి పక్క పోర్షన్ ఆమె "వాళ్ళ ఏసీకి నేనెందుకు కట్టాలక్కా" అని ఒకటే గొడవ. ఏం చెయ్యమంటారు?

జ: అమ్మా, ఆమె మాటలో న్యాయం ఉంది. ముందు ఆ సంగతి ఆమెతో అనండి, సగం గొడవ అక్కడే చల్లారుద్ది. ఇక లెక్కకొద్దాం. 2022 ఏప్రిల్లో మన రాష్ట్రంలో ఇళ్ళకి వచ్చిన శ్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1.90, అక్కణ్ణుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. మూడు కాపురాలూ తలా 80 యూనిట్లు కాల్చారనుకోండి, విడి మీటర్లుంటే ఒక్కొక్కరికి 214.50, ముగ్గురికీ కలిపి 643.50 అయ్యేది. అదే 240 యూనిట్లు ఒక్క మీటర్లో తిరిగితే 1,148.25. ఇది వట్టి యూనిట్ల డబ్బే, ఫిక్స్‌డ్ చార్జీలూ సర్దుబాటు చార్జీలూ వేరే. అంటే ఎవరూ దుబారా చెయ్యకుండానే నెలకి అయిదొందలు పోతున్నాయి, మీ డబ్బు కూడా అందులో ఉంది.

ఇప్పుడు ఏసీ సంగతి. అది నెలకి 150 యూనిట్లు లాగిందనుకుందాం, మీ మీటరు అప్పటికే 225 దాటేసింది కాబట్టి ఆ 150కి 150 యూనిట్లూ 8.75 కిందే పడతాయి, 1,312.50. ఏసీ పెట్టినాయనకి సొంత మీటరుంటే అదే ఏసీకి అదనంగా పడేది 846.25. చూశారా, విడి మీటరు వల్ల ఆయనకీ లాభమే, అందుకని ఈ లెక్క కాగితం మీద వేసి ఆయనకే చూపించండి.

అసలు మందు ఏంటంటే పోర్షన్ పోర్షన్‌కీ విడి సర్వీసు తీసుకోవడం, మోటారుకీ మెట్ల లైటుకీ ఇంకోటి. వైరింగ్ విడదియ్యాలి, ఖర్చుంటుంది, ఓనరుగా అది మీరే పెట్టుకోవాలి, నేనైతే వెనకాడను. అందాకా సబ్ మీటర్లు పెట్టించి, మెయిన్ మీటరు రీడింగ్ తీసిన రోజే వాటినీ రాయండి, అవి రెండూ వేర్వేరు రోజులైతే లెక్క ఎప్పటికీ కుదరదు. మోటారుకీ ఓ సబ్ మీటరు పెట్టి, దాని డబ్బు మనుషుల్ని బట్టి పంచండి. ఒక హెచ్‌పీ మోటారు గంట తిరిగితే ముప్పావు యూనిట్ పైనే తింటది, మరి డాబా మీద ట్యాంకు పొంగి సన్‌షేడ్ మీదగా కారేదాకా ఎవరూ స్విచ్ ఆపకపోతే ఆ డబ్బు ఎవరిదీ?

మేం మూలాపేటలో బాడుగకున్నప్పుడు ఓనరమ్మ మీటరు బోర్డు మేకుకి దారం కట్టి ఓ నోటుపుస్తకం వేలాడదీసేది, ప్రతి నెలా రీడింగ్ రాసి పక్కన మా సంతకం పెట్టించేది, అసలు బిల్లు కూడా అందులోనే మడిచి పెట్టేది. అయిదేళ్ళలో కరెంటు గురించి ఆమెతో ఒక్క మాట పడలేదు మేము.

ప్ర: ఒంగోలు లాయర్‌పేటలో బాడుగకుంటున్నా. మోటారు వైండింగ్ కాలిపోయింది. ఓనరు గారు హైదరాబాదులో ఉంటారు, ఫోన్ చేస్తే "చూద్దాంలే" అన్నారు. మూడ్రోజులు క్యాన్ నీళ్ళతో గడిపి, నేనే 2,800 పెట్టి చేయించా. బాడుగలో తగ్గిస్తానంటే ఒప్పుకోవట్లేదు.

జ: తమ్ముడూ, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్లో ఈ సంగతుంది. ఓనరు చేయించాల్సిన రిపేరు, మీరు చెప్పాక కూడా తగినంత టైములో చేయించకపోతే, మీరే చేయించుకుని ఆ ఖర్చు బాడుగలో పట్టుకోవచ్చు. అయితే అది ఓనరు బాధ్యతేనా అన్నది మీరు రాసుకున్న అగ్రిమెంటుని బట్టి ఉంటుంది, పదకొండు నెలల కాగితాల్లో చాలావాటిలో ఈ ముక్కే ఉండదు. ఫోన్లో చెప్పినదానికి సాక్ష్యం ఉండదు కాబట్టి మెకానిక్ బిల్లు, కాలిన వైండింగ్ ఫొటో, మీరు ఫోన్ చేసిన తేదీ అన్నీ కలిపి ఇవాళే వాట్సాప్‌లో మర్యాదగా పెట్టండి. ఇంకోటి, సంపులో నీళ్ళు లేకుండా మోటారు తిరిగి కాలిందేమో మెకానిక్‌ని అడగండి, స్విచ్ వేసి మర్చిపోయింది మీరే అయితే మాత్రం ఖర్చులో పాలు పంచుకోవడం ధర్మం. కాగితం తిరగరాసేటప్పుడు మోటారు, పైపులు, స్లాబు కారడం ఓనరువి, ట్యాప్ వాషర్లు, బల్బులు మావి అని పేర్లతో సహా రాయించుకోండి.

ప్ర: మాది కావలి. సెప్టిక్ ట్యాంకు నిండింది. ట్యాంకరు వాళ్ళు ఎక్కువ అడుగుతున్నారు, ఒకతను తక్కువకే లోపలికి దిగి శుభ్రం చేస్తానంటున్నాడు. పిలవమంటారా?

జ: వద్దు. ఎంత తక్కువకి వచ్చినా వద్దు. లోపల మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుని ఉంటాయి, మూత తీసి కాసేపు ఆగినంత మాత్రాన పోవు, దిగిన మనిషి అక్కడికక్కడే స్పృహ తప్పుతాడు, అతన్ని లాగబోయి రెండోవాడూ పోతాడు. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని దించడం, మనుషులతో మలం ఎత్తించే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, దించిన వాళ్ళకి జైలు శిక్ష కూడా ఉంది. ట్యాంకరునే పిలవండి, పైపు మాత్రమే లోపలికి వెళ్ళాలి. ఆ డబ్బు ఓనరుగా మీరు పెట్టుకున్నా, బాడుగ వాళ్ళతో కలిసి పంచుకున్నా సరే, బేరం మాత్రం మనిషిని దించేదాకా పోనివ్వకండి. పని అయ్యేదాకా పిల్లల్ని ఆ మూత దగ్గరికి రానివ్వకండి, అక్కడ బీడీ, అగ్గిపుల్ల వెలిగించనివ్వకండి.