ఫ్రిజ్‌లో హెలికాప్టర్ పెడతారా?

ప్రశ్న: మే నెలలో మా దగ్గర ఎండలో ఆపిన బండి సీటు మీద కూర్చోవాలంటేనే భయం. మిలిటరీ హెలికాప్టర్లు ఎడారి ఎండకీ సియాచిన్ చలికీ తట్టుకుంటాయని ముందే ఎలా తేలుస్తారు? ‘ఫ్రిజ్‌లో పెట్టి చూస్తార్లే’ అని మా అన్న ఎగతాళి. ఆ పరీక్షలు మా కర్నూలు డీఆర్‌డీఓ రేంజ్‌లో చేయరా?
- ఓ డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: మీ అన్న ఎగతాళికి అన్నా నిజమే అన్నాడు. అమెరికాలో, ఫ్లోరిడాలోని ఎగ్లిన్ వైమానిక స్థావరంలో మెకిన్లీ ల్యాబ్ ఉంది. పెద్ద పెద్ద విమానాలే పట్టే హాలు అది, లోపల మైనస్ 54 నుంచి 74 డిగ్రీల దాకా ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు.

మన దేశంలో తయారైన యుద్ధ హెలికాప్టర్ ప్రచండ్‌ను మాత్రం నేరుగా కొండల మీదికే తీసుకెళ్లారు. 2015 ఫిబ్రవరిలో లేహ్‌లో రాత్రంతా చలిలో వదిలేసి, సొంత బ్యాటరీతోనే ఇంజిన్ స్టార్ట్ చేసి చూశారు. అప్పుడు 4.1 కిలోమీటర్ల ఎత్తు, మైనస్ 18 డిగ్రీలు. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది గానీ, ఆ చలికి ఆయిల్ చిక్కబడుతుంది, రబ్బరు సీళ్లు గట్టిపడి లీకవుతాయి, బ్యాటరీ నీరసిస్తుంది, పైగా పాత స్కూటర్‌లా నలుగురు తోస్తే కదిలే సరుకు కాదది.

జూన్‌లో జోధ్‌పూర్ వంతు, 39 నుంచి 42 డిగ్రీల ఎండ. లోహం కాలిపోతుందనే అందరూ అనుకుంటారు, కానీ అసలు తంటా గాలితో. 45 డిగ్రీల గాలి 15 డిగ్రీల గాలికంటే దాదాపు పదోవంతు పలచన, కాబట్టి పైన తిరిగే రెక్కలకు పట్టు చాలదు, ఇంజిన్ సత్తువా తగ్గుతుంది, అప్పుడు ఇంధనమో ఆయుధాలో కొంత దించుకోక తప్పదు. అయిదు వేల మీటర్ల ఎత్తులో గాలి సముద్రమట్టంతో పోలిస్తే 40 శాతం తక్కువ ఉంటుంది, అందుకే సియాచిన్‌లో ప్రతి కిలోకూ లెక్క.

ఎండకంటే నాకు దుమ్మంటేనే ఎక్కువ భయం. దిగేటప్పుడు లేచే ఇసుకకు పైలట్‌కు నేల కనబడదు, అదే ఇసుక ఇంజిన్‌లోకి పోతే బ్లేడ్ల అంచులు అరగదీస్తుంది, మంట దగ్గర కరిగి గాజులా అతుక్కుంటుంది. 1980లో ఇరాన్‌లో బందీలను విడిపించడానికి అమెరికా పంపిన 8 హెలికాప్టర్లలో పనికొచ్చేవి 5 మిగిలాయి, మిగతా మూడింట్లో ఒకటి దారిలో దుమ్ము తుపానుకే వెనుదిరిగింది.

ఇక మీ కర్నూలు రేంజ్ సంగతి. అక్కడ పేరు వినబడేది ఆయుధాలకు: 2019 సెప్టెంబరులో భుజం మీద మోసుకెళ్లే యాంటీ ట్యాంక్ మిస్సైల్, 2025 ఏప్రిల్‌లో డ్రోన్లను కూల్చే లేజర్ అక్కడే పరీక్షించారు. ఎండ మీకూ తక్కువేం లేదు, కానీ ఎడారి ఇసుకా వైమానిక స్థావరమూ ఒక్కచోట దొరికేది జోధ్‌పూర్ లాంటి చోట్లే.