వాయువులను వేరుచేసే పనిలోకి దిగుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలూ,

ఆశీస్సులు. సేంద్రియ పంజర అణువుల మీద, అంటే లోపలి ఖాళీలో వాయువులను పట్టుకునే కర్బన అణువుల మీద, పరిశోధన మొదలుపెడుతున్నానని రాశావు. చాలా సంతోషం. అయితే నీ ఉత్తరం నిండా ఉపరితల వైశాల్యం గురించే ఉంది, వాయు మిశ్రమం ఊసే లేదు. అది నాకు నచ్చలేదు.

ప్రొపిలీన్ మైనస్ 47.6 డిగ్రీల దగ్గర, ప్రొపేన్ మైనస్ 42.1 దగ్గర మరుగుతాయి. తేడా అంత తక్కువ కాబట్టే రిఫైనరీల్లో వాటి స్వేదన స్తంభాలకు అంత ఎత్తు, అంత ఇంధనం కావాలి. పదార్థంలో ఖాళీ, దానితోపాటు ఉపరితల వైశాల్యం ఎక్కువైతే రెండు వాయువులూ ఎక్కువగానే చేరతాయి. మనకు కావలసింది ఒకదాన్నే పట్టుకునే గుణం.

సీసీ3 పంజరం గురించి శ్రద్ధగా చదువు. లివర్‌పూల్‌లో ఆండ్రూ కూపర్ బృందం 2009లో ప్రకటించిన ఈ అణువులో లోహమే లేదు. నాలుగు ట్రైఆల్డిహైడ్‌లు, ఆరు డైఅమీన్‌లు కలిసి దాన్ని కడతాయి. స్ఫటిక చిత్రంలో లోపలికి దారినిచ్చే దాని కిటికీ 3.6 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు), జెనాన్ అనే జడవాయువు పరమాణువు నాలుగుకు కాస్త అటూ ఇటూ. లెక్క ప్రకారం దూరకూడదు. కానీ అణువు కంపిస్తూనే ఉంటుంది, కిటికీ అప్పుడప్పుడు వెడల్పవుతుంది. లోపలి 4.4 ఆంగ్‌స్ట్రామ్‌ల చోటు జెనాన్‌కు సరిగ్గా సరిపోతుంది, అంతకన్నా చిన్నదైన క్రిప్టాన్‌కు వదులవుతుంది. కదలని బొమ్మను చూసి ఏ అణువునూ పక్కన పెట్టేయకు.

2014లో వాళ్లు ఇంకో మంచి పని చేశారు. పది లక్షల పాళ్లలో 400 పాళ్ల జెనాన్, 40 పాళ్ల క్రిప్టాన్ ఉన్న గాలిని సీసీ3 నింపిన కాలమ్ (గొట్టం) గుండా పంపారు. అణు ఇంధన శుద్ధిలో వెలువడే వాయువును పోలిన మిశ్రమమది. క్రిప్టాన్ ముందే బయటపడింది, జెనాన్ నిలిచిపోయింది. ఒక్కొక్క వాయువును విడిగా కొలిచి, ఆదర్శ అధిశోషిత ద్రావణ సిద్ధాంతంతో మిశ్రమ ఫలితాన్ని లెక్కగట్టడం తేలికే. ఆ లెక్క సమతాస్థితిదే, అంటే వాయువులు చేరడం పూర్తయి ఇక మార్పు లేని స్థితిదే. ఏ వాయువు ఎంత త్వరగా లోపలికి వెళ్తుందో అది చెప్పదు. నాకు కాలమ్ ఫలితం మీదే నమ్మకం.

తయారీలో పంజరం ఖాళీల్లో మిగిలిన ద్రావణిని తీసేటప్పుడు తొందరపడకు. వాక్యూమ్‌లో మెల్లగా వేడిచెయ్యి, తరువాత ఎక్స్‌రే తీసి స్ఫటికం నిలిచిందో లేదో చూసుకో. తేమ కలిపిన మిశ్రమంతోనూ పరీక్షించు. ఆల్డిహైడ్‌నూ అమీన్‌నూ కలిపే ఇమీన్ బంధాలకు ఆమ్లం పడదు, గుర్తుంచుకో.

పదార్థం నింపకముందు ఖాళీ కాలమ్‌లోంచి అదే మిశ్రమాన్ని అదే వేగంతో పంపి, వాయువులు బయటికి రావడానికి పట్టే సమయం రాసిపెట్టుకో. ఆ కొలతలు నాకు పంపు, చూసి చెబుతాను.

మీ మామయ్య